ఒక్క ట్యూబుతో పోయేది కాదు ఈ గజ్జి: హాస్టల్ పిల్లల గురించి అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన గిరిజన సంక్షేమ, వైద్య ఆరోగ్య, పాఠశాల విద్యాశాఖల అధికారులకు,

నమస్కారం. నేను మన్యంలో 29 ఏళ్లు ఏఎన్‌ఎంగా చేసి రిటైరయ్యాను. మా మనవడు ఒక ఆశ్రమ పాఠశాల హాస్టల్లో ఉండి ఈ ఏడాది ఏడో తరగతి పూర్తి చేశాడు. ఈ లేఖ వాడి ఒక్కడి కోసం రాయడం లేదు. వాడితో పాటు ఒకే హాల్లో పడుకునే పిల్లలందరి కోసం రాస్తున్నాను. హాస్టల్ పేరు కావాలనే రాయలేదు. రాస్తే ఆ వార్డెన్‌కొక మెమో ఇచ్చి ఫైలు మూసేస్తారని నా భయం.

సంక్రాంతి సెలవులకు వచ్చిన పిల్లాడు భోగిమంట దగ్గర చేతులు చాచి చలి కాచుకుంటుంటే వేళ్ల సందుల్లో పొక్కులు కనపడ్డాయి. చొక్కా విప్పించి చూశాను. మణికట్ల మీద, చంకల్లో, బొడ్డు చుట్టూ, మొలతాడు కింద అంతా అదే. కొన్ని చీము పట్టాయి. ఎన్నాళ్ల నుంచిరా అంటే, "దీపావళి అయిన కాడ్నుంచి నానమ్మా, మా హాల్లో అందరికీ ఉంది" అన్నాడు. మరి ఫోన్లో ఎందుకు చెప్పలేదని అడిగితే తల దించుకున్నాడు.

వాడికి మెడ నుంచి కాళ్ల దాకా మందు రాసి, వారం తర్వాత రాసుకోమని ఇంకో ట్యూబు చేతికిచ్చి పంపించాను. ఇంట్లో ఇంకెవరికీ దురద లేదు కదా అని మిగతావాళ్లం రాసుకోలేదు. ఊరూరా తిరిగి చెప్పిన దాన్నే, నా ఇంట్లో నేనే తప్పు చేశాను. ఆ పండగ మూడు రోజులూ వాడు ఎనిమిది నెలల చెల్లెల్ని చంక దించలేదు. ఫిబ్రవరి నెలాఖరుకు పాప అరచేతుల్లో, అరికాళ్లలో పొక్కులొచ్చాయి. తర్వాత కోడలికి, ఆ తర్వాత నాకు. హాస్టల్‌కు తిరిగెళ్లిన పిల్లాడికి అప్పటికే మళ్లీ మొదలైంది.

మార్చిలో హాస్టల్‌కు వెళ్లి అడిగాను. "బాగా ఉన్నవాళ్లకు ట్యూబులిచ్చామమ్మా, శుభ్రంగా ఉండమని కూడా చెప్పాం" అన్నారు. సోమవారం గ్రీవెన్సులో రెండుసార్లు అర్జీ పెట్టాను. రెండో అర్జీ పెట్టిన పది రోజులకు "మీ సమస్య పరిష్కరించబడినది" అని ఫోనుకు మెసేజ్ వచ్చింది. ఆ మెసేజ్ వచ్చిన రాత్రి కూడా మా పాప తెల్లవార్లూ ఏడుస్తూనే ఉంది. అందుకే ఇలా అందరి ముందుకూ వచ్చి రాయాల్సి వచ్చింది.

వైద్యులకు తెలిసిన విషయాలే అయినా ఈ లేఖ చదివే తల్లిదండ్రుల కోసం, వార్డెన్ల కోసం నాలుగు మాటలు చెప్పనివ్వండి. గజ్జి మురికివల్ల పుట్టేది కాదు. సార్కాప్టిస్ అనే పురుగు వల్ల వస్తుంది. అర మిల్లీమీటరు కూడా ఉండని, ఎనిమిది కాళ్ల పురుగు. ఆడపురుగు చర్మం పైపొరలో సొరంగం తవ్వుకుంటూ పోతూ రోజుకు రెండు మూడు గుడ్లు పెడుతుంది. మూడు నాలుగు రోజులకు గుడ్లు పగులుతాయి. రెండు వారాలు తిరిగేసరికి ఆ పిల్లలు పెద్దవై మళ్లీ గుడ్లు పెడతాయి. మామూలుగా ఒక మనిషి ఒంటి మీద ఉండేవి పది పదిహేను పురుగులే. రాత్రంతా గీరుకుంటూ కూర్చోబెట్టడానికి అవి చాలు. 1687లోనే ఇటలీలో బొనోమో అనే వైద్యుడు ఈ పురుగును సూక్ష్మదర్శినిలో చూసి, దురదకు ఇదే కారణమని రాశాడు. కారణం తెలిసి మూడు వందల ఏళ్లు దాటింది. మన హాస్టళ్లలో ఇంకా పిల్లల్ని "స్నానం చెయ్యవేరా" అని తిట్టడం దగ్గరే ఉన్నాం.

ఇంకో సంగతి ఉంది. మా ఇల్లు మోసపోయిందీ, హాస్టళ్లు మోసపోతున్నదీ అక్కడే. మొదటిసారి అంటుకున్న మనిషికి నాలుగు నుంచి ఆరు వారాల దాకా దురదే ఉండదు. కానీ ఆ రోజుల్లోనే వాళ్ల నుంచి పక్కవాళ్లకు పాకుతుంది. ఒకసారి తగ్గి మళ్లీ అంటుకుంటే మాత్రం ఒకటి నుంచి నాలుగు రోజుల్లోనే దురద మొదలవుతుంది. కాబట్టి దురద ఉన్నవాళ్లను ఏరి వాళ్లకే ట్యూబిచ్చే పద్ధతిలో జబ్బు మోస్తున్న చాలామంది ఎప్పుడూ లెక్క బయటే ఉండిపోతారు.

చేయీ చేయీ కలిపినంత మాత్రాన సాధారణంగా అంటదు. కాసేపు ఒంటికి ఒళ్లు ఆనుకుని ఉంటే అంటుతుంది. చింతపల్లి, లంబసింగి వైపు డిసెంబరు చలి ఎలా ఉంటుందో మీకు తెలియంది కాదు. పలచటి రగ్గులో ఇద్దరు ముగ్గురు పిల్లలు ముడుచుకుని పడుకుంటారు. చలికి ఒకరినొకరు పట్టుకుని పడుకోవడం పిల్లల తప్పా?

దీనివల్ల మామూలు కుటుంబాల మీద పడుతున్నదేమిటో నేను చూసిన వరకూ రాస్తాను.

1. నిద్ర, చదువు. ఈ దురద రాత్రిపూట ఎక్కువ. హాల్లో సగం మంది గీరుకుంటుంటే మిగతా సగానికీ నిద్ర ఉండదు. పొద్దున క్లాసులో కునికితే దెబ్బలు. వేళ్ల సందుల్లో చీము పట్టినవాడు పెన్ను పట్టుకోలేడు. మా వాడి నోట్సులో నవంబరు నుంచి అక్షరాలు ఎలా మారిపోయాయో చూస్తే నాకు కడుపు తరుక్కుపోయింది. వాడు చేతులు కడుక్కోలేక చెమ్చాతో అన్నం తిన్నాడట.

2. మూత్రపిండాలు. గజ్జితో ఎవరూ చావరు అనే మాట ఆఫీసుల్లో చాలాసార్లు విన్నాను. గీరిన చోట చర్మం తెగుతుంది, అందులోకి స్ట్రెప్టోకాకస్, స్టెఫైలోకాకస్ బ్యాక్టీరియా చేరి చీము పడుతుంది. స్ట్రెప్టోకాకస్ చేరిన పిల్లల్లో కొందరికి పుండ్లు మానిన కొన్ని వారాలకు మూత్రపిండాలు వాస్తాయి. పొద్దున్నే కళ్ల కింద ఉబ్బు, మూత్రం టీ డికాక్షన్ రంగు. నేను ఉద్యోగంలో ఉండగా అలాంటి పాపను ఒకదాన్ని జీపులో కూర్చోబెట్టుకుని పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. ముఖం ఉబ్బితే నాటు వైద్యం చేయిస్తూ వారం పోగొట్టారు. ఆ అమ్మాయి దక్కింది. కానీ రెండు నెలలు తల్లి కూలి మానుకుని ఆసుపత్రి వరండాలో పడుకుంది. ముందే గజ్జికి సరిగ్గా మందు పడి ఉంటే ఆ రెండు నెలలు ఉండేవి కావు.

3. ఇంటి ఖర్చు. గజ్జికి రాసే పెర్మెత్రిన్ క్రీము పెద్దవాళ్లకు ఒకసారి ఒళ్లంతా రాయడానికి 30 గ్రాముల ట్యూబు పడుతుంది. వారం తర్వాత మళ్లీ రాయాలి. ఐదుగురు పెద్దవాళ్లున్న ఇంటికి పది ట్యూబులు. ఆసుపత్రిలో చేతికిచ్చేది ఒకటి. ఆ ఒక్కటీ ఎక్కడ దురదుంటే అక్కడ చుక్కచుక్క రాసుకుంటారు. పురుగు చావదు. మందు పనిచేయదనే నమ్మకం మాత్రం ఇంటిల్లిపాదికీ కుదురుతుంది.

4. తప్పుడు మందులు. మన భాషలో "గజ్జి, తామర" అని ఎప్పుడూ జంటగా అంటాం. అవి రెండు వేర్వేరు జబ్బులు. తామర బూజు జాతి వల్ల గుండ్రంగా, అంచు లేచి వస్తుంది. దానికి మందు మచ్చ మీద, చుట్టూ కొంచెం, వారాల తరబడి రాయాలి. గజ్జికి ఒళ్లంతా రాయాలి, రెండే రెండు రాత్రులు. ఈ తేడా తెలియక మందుల షాపులో "దురద ట్యూబు" అడుగుతారు. అక్కడ తరచూ చేతిలో పెట్టేది స్టెరాయిడ్ కలిసిన క్రీము. రెండు రోజులు హాయిగా ఉంటుంది, ఎరుపు తగ్గుతుంది, లోపల పురుగు పెరుగుతూనే ఉంటుంది. తర్వాత డాక్టరు చూసినా గుర్తుపట్టడం కష్టమయ్యేంతగా పొక్కుల రూపు మారిపోతుంది. కిరసనాయిలు రాసి పిల్లల చర్మం కాల్చినవాళ్లనూ చూశాను. పెద్దవాళ్లు రాసే గంధకం కలిపిన కొబ్బరినూనె సంగతి వేరు. తగిన పాళ్లలో చేసిన గంధకం ఆయింట్‌మెంటును పసిపిల్లలకు, గర్భిణులకు డాక్టర్లు ఇప్పటికీ రాస్తారు. వేపాకు నీళ్ల స్నానం వద్దనను, దానితో సరిపెట్టుకోవద్దంటాను.

5. అవమానం. మనకు గజ్జి అనేది జబ్బు పేరు కంటే తిట్టుగానే ఎక్కువ అలవాటు. గజ్జికుక్క అంటాం, కులగజ్జి అంటాం. అసహ్యం వేసిన ప్రతిదానికీ ఆ మాటే తగిలిస్తాం. ఆ పేరున్న జబ్బు తనకుందని పన్నెండేళ్ల పిల్లాడు ఎవరికి చెప్పుకుంటాడు? మా వాడిని భోజనాల దగ్గర వేరే వరసలో కూర్చోబెట్టారు. తోటి పిల్లలు పేరు మార్చి పిలిచారు. ఆడపిల్లల పరిస్థితి ఇంకా కష్టం. రొమ్ముల కింద, తొడల సందుల్లో పొక్కులుంటే మగ వార్డెన్‌కు చెప్పలేరు, దాచుకుంటారు. దాచుకున్న ప్రతి ఒక్కరి నుంచీ మళ్లీ హాలంతా పాకుతుంది.

దీన్ని ఆపగలమా అంటే ఆపిన దేశముంది. ఫిజీ దీవుల్లో 2012లో మొదలుపెట్టి చేసిన పరిశీలనలో, ఒకచోట జబ్బున్నవాళ్లకు, వాళ్ల ఇంటివాళ్లకు మాత్రం మందిచ్చారు. ఇంకోచోట ఊరందరికీ పెర్మెత్రిన్ ఇచ్చారు. మూడోచోట ఊరందరికీ ఐవర్‌మెక్టిన్ మాత్ర ఇచ్చారు. ఏడాది తర్వాత చూస్తే మొదటిచోట గజ్జి 49 శాతం తగ్గింది, రెండోచోట 62 శాతం, మూడోచోట 94 శాతం. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గజ్జిని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. ఏ సమయంలో చూసినా ప్రపంచంలో 20 కోట్ల మందికి పైగా దీనితో బాధపడుతుంటారని ఆ సంస్థే చెబుతోంది.

అంత దూరం పోనక్కర్లేదు. ఫిబ్రవరి 10న నులిపురుగుల దినం అని 1 నుంచి 19 ఏళ్ల పిల్లలందరినీ ఒకే రోజు వరసలో నిలబెట్టి ఆల్బెండజోల్ మింగించేది మనమే. ఎవరి కడుపులో పురుగులున్నాయో పరీక్ష చేసి ఇవ్వడం లేదు కదా. ఆ రోజు రానివాళ్లకు వారం తర్వాత మళ్లీ ఇస్తున్నాం. బోదకాలు మాత్రలు ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి తమ కళ్ల ముందే మింగించారు. ఆ పనిమంతులే ఉన్నారు, ఆ రిజిస్టర్లే ఉన్నాయి. కడుపులో పురుగుకు చేస్తున్నది చర్మంలో పురుగుకు ఎందుకు చేయకూడదు?

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడికి వచ్చే బృందం చూడాల్సిన జబ్బుల్లో గజ్జి పేరుతో సహా ఉంది. కార్డు మీద టిక్కు పడుతుంది. టిక్కు తర్వాత ఆ హాలు మొత్తానికి ఏం జరగాలో ఎవరికీ రాసిపెట్టలేదు. నా బాధంతా ఆ ఖాళీ గురించే.

అందుకే మీ ముందు పెడుతున్న కోరికలివి.

1. రెండు శనివారాలు కేటాయించండి. ఒక హాస్టల్లో గజ్జి తేలితే వచ్చే శనివారం రాత్రి ఆ హాస్టల్లో ఉన్న ప్రతి ఒక్కరికీ మందు పడాలి. దురద ఉన్నా లేకున్నా, పిల్లలకూ వంటమనుషులకూ వాచ్‌మన్‌కూ వార్డెన్‌కూ. భోజనాలయ్యాకే రాయాలి. ముందు రాస్తే అన్నం తిని చేతులు కడిగేస్తారు, వేళ్ల సందుల్లో మందు పోతుంది. మెడ నుంచి అరికాళ్ల దాకా, గోళ్ల కింద, బొడ్డులో, మర్మావయవాల దగ్గర కూడా రాయాలి. వీపు ఎవరికి వారు రాసుకోలేరు, ఇద్దరిద్దరినీ జత చేయాలి. ఆడపిల్లలకు వేరే గది, ఆడ సిబ్బంది ఉండాలి. 8 నుంచి 14 గంటలు ఉంచి ఆదివారం పొద్దున స్నానం. మళ్లీ వచ్చే శనివారం అదే పని. రెండోసారి మానేస్తే మొదటిసారి చేసిందీ వృథా.

2. మందు తలకు లెక్కకట్టి పంపండి. హాస్టల్‌కు పది ట్యూబులు అనే ఇండెంటు ఆపేయండి. పెద్ద హాస్టళ్లకు ఐవర్‌మెక్టిన్ ఇవ్వాలా అన్నది డాక్టర్లు తేల్చాలి. 15 కిలోల లోపు పిల్లలకు, గర్భిణులకు అది ఇవ్వకూడదని నాకు తెలుసు. ఆ నిర్ణయం మాత్రం ఎక్కడో ఒకచోట కాగితం మీద పెట్టండి. ఇప్పుడు ప్రతి పీహెచ్‌సీలో ఒక్కో మాట చెబుతున్నారు.

3. అదే వారంలో ఇళ్లకూ అందాలి. పిల్లాడి ఊరు, ఇల్లు హాస్టల్ రిజిస్టర్లో ఉంటాయి. ఆ ఊరి ఏఎన్‌ఎంకు ఒక్క ఫోను చేస్తే చాలు.

4. సెలవుల క్యాలెండర్‌ను పట్టి పనిచేయండి. గజ్జి ఊరికీ హాస్టల్‌కూ మధ్య సెలవుల్లోనే రాకపోకలు సాగిస్తుంది. జూన్‌లో బడి తెరిచిన రోజు చూస్తే సరిపోదు. వేసవి సెలవుల చివర్లో అంటుకున్నది జూలై చివరికి గానీ బయటపడకపోవచ్చు. అందుకని తెరిచిన వారంలో ఒకసారి, ఆరో వారంలో ఇంకోసారి చూడాలి. దసరాకి, సంక్రాంతికి ఇళ్లకు పంపే ముందు మళ్లీ చూడాలి.

5. చెప్పే పద్ధతి మార్చండి. ఈ కోరిక దగ్గర కాస్త ఎక్కువ రాస్తున్నాను, మన్నించండి. "పరిశుభ్రత పాటించండి" అని గోడ మీద రాస్తే గజ్జి గురించి చెప్పినట్టు కాదు. అది చదివినవాడికి తాను మురికివాణ్ణనే అర్థమవుతుంది. చెప్పాల్సినవి ఐదారు మాటలే. ఇది పురుగు వల్ల వస్తుంది, ఎవరికైనా రావచ్చు. దురద లేకపోయినా ఉండొచ్చు. ఇంట్లో అందరూ ఒకే రాత్రి రాసుకోవాలి. వారానికి మళ్లీ రాయాలి. మందు రాశాక కూడా రెండు మూడు వారాలు, ఒక్కోసారి నాలుగు వారాలు దురద ఉంటుంది, అది చచ్చిన పురుగుల వల్ల, భయపడి రోజూ రాయకండి. ముఖం ఉబ్బినా మూత్రం రంగు మారినా వెంటనే రండి. పసిపిల్లలకు మందు డాక్టరు చెప్పినట్టే వాడండి, వాళ్లకు తల మీద, ముఖం మీద కూడా రావచ్చు.

ఈ మాటలు తెలుగులో ఒక్కదానిలోనే చెబితే మన్యంలో సగం మంది ముసలివాళ్లకు చేరవు. కువిలో, ఆదివాసీ ఒరియాలో, కోయలో ఎక్కడి భాషలో అక్కడ చెప్పించండి. వారపు సంత కంటే మంచి చోటు లేదు. మైకు, పెద్ద బొమ్మ, పక్కనే మందు ఉండాలి. బొమ్మల్లో తెల్లటి చర్మం మీద ఎర్రటి పొక్కులు చూపిస్తే మావాళ్లకు "మాది ఇది కాదు" అనిపిస్తుంది. మన రంగు చర్మం మీద ఎలా ఉంటుందో అది చూపించండి. మందుల షాపులవాళ్లను, ఊళ్లలో ఆర్‌ఎంపీలను ఒకరోజు పిలిచి కూర్చోబెట్టి గజ్జికీ తామరకూ తేడా చెప్పండి. జనం ముందు వెళ్లేది వాళ్ల దగ్గరికే.

6. దుప్పట్లు కాల్పించకండి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఇంగ్లాండులోని షెఫీల్డులో మెలన్‌బీ అనే శాస్త్రవేత్త, గజ్జి ఉన్న సైనికులు వాడిన దుప్పట్లలో స్వచ్ఛందంగా వచ్చినవాళ్లను పడుకోబెట్టి చూశాడు. చాలా తక్కువ మందికే అంటింది. మనిషి ఒళ్లు వదిలిన పురుగు మామూలుగా రెండు మూడు రోజులకు మించి బతకదు. మందు రాసిన మర్నాడు బట్టలు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతికి ఎండలో వేస్తే చాలు. ఉతకలేనివి పాలిథిన్ సంచిలో మూతి కట్టి వారం ఉంచితే చాలు. ఉన్న ఒక్క రగ్గు కాల్చి పిల్లాణ్ణి చలికి వదిలేస్తే వాడు పక్కవాడి రగ్గులో దూరతాడు.

7. నవంబరు లోపల పిల్లాడికొక రగ్గు, పిల్లాడికొక పరుపు.

8. పిల్లల్ని వేరు చేయకండి. మందు పడిన మర్నాటి నుంచి బడికి పంపొచ్చు. వేరే వరస, వేరే కంచం, గుండు కొట్టించడం ఇవేవీ వైద్యం కావు. ఇవి చేయకూడదని సర్క్యులర్‌లో స్పష్టంగా రాయండి.

9. నా అర్జీకి వచ్చినట్టు మెసేజ్ పంపి ఊరుకోకండి. ఏ హాస్టల్లో ఎంతమందిని చూశారు, ఎంతమందికి రెండుసార్లు మందు పడింది, ఆరువారాలకు ఎంతమందిలో మిగిలింది, ఈ మూడు లెక్కలు హాస్టల్ నోటీసు బోర్డు మీద పెట్టండి. తల్లిదండ్రుల కమిటీ చదువుకుంటుంది.

ఆశా కార్యకర్తల మీద, ఏఎన్‌ఎంల మీద ఇప్పటికే ఎంత పని ఉందో నాకు తెలుసు. యాప్‌లలో వివరాలు ఎక్కించడానికే రోజు గడిచిపోతోందని వాళ్లు నాతో చెప్పుకుని బాధపడతారు. ఇంకో పని నెత్తిన వేసి వెళ్లిపోమని అడగడం లేదు. ఆ రెండు శనివారాలకు వేరే పని పెట్టకుండా, రాకపోకలకు బండి, సరిపడా మందు ఇవ్వమంటున్నాను. రిటైరైన మాలాంటివాళ్లం ప్రతి మండలంలోనూ ఉన్నాం. పిలిస్తే జీతం లేకుండా వస్తాం.

ఇంకొద్ది రోజుల్లో బడులు తెరుస్తారు. మా ఇంట్లో ఐదుగురం ఈసారి ఒకే రాత్రి రాసుకున్నాం, వారానికి మళ్లీ రాసుకున్నాం. పాప నిద్రపోతోంది. పిల్లాడి చేతులు మానాయి. జూన్‌లో వాడు ట్రంకుపెట్టె పట్టుకుని వెళ్లేది మాత్రం అదే హాల్లోకి. మొదటి శనివారం ఎప్పుడో, ఏ తేదీనో చెప్పండి. మందు రాయడానికి ఆ సాయంత్రం నేను హాస్టల్ గేటు దగ్గర ఉంటాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఏఎన్‌ఎం,
హాస్టల్ పిల్లాడి నానమ్మ